వేళ్ల కింద తీగ

చైనాలోని సుజౌలో నాడీవైద్యురాలు మియావ్ సూచిన్ వైద్యం టీ కప్పుతో మొదలవుతుంది. టీ తాగడానికి కాదు, వేళ్లు వెచ్చబెట్టుకోవడానికి. చల్లటి చెయ్యి తగిలితే నాడి ఉలిక్కిపడుతుందంటుంది. ఆపైన రోగి మణికట్టును చిన్న దిండు మీద పెట్టించి, మూడు వేళ్లు ఆనించి కళ్లు మూసుకుంటుంది. అప్పుడిక గదిలో ఎవరూ మాట్లాడకూడదు.

ఆ రోజు దిండు మీదున్నది టింగ్ అనే కోడలి చెయ్యి. పక్కన కూర్చున్న అత్తగారి నోరు మాత్రం ఆగలేదు. "నెలసరి దగ్గరపడిందంటే దీనికి పూనకమే డాక్టరమ్మా! నిద్రపోదు, గుండెదడంటుంది. నిన్న గిన్నె విసిరికొట్టింది. మావాడు విడాకులంటున్నాడు." ఆ మాటకు సూచిన్ వేళ్ల కింద నాడి బిగించిన తీగలా అదిరింది.

"కాసిని వేడినీళ్లు పట్టుకొస్తారా?"

అత్తగారు గుమ్మం దాటగానే తీగ వదులైంది. చెప్పుల చప్పుడు వెనక్కి రాగానే మళ్లీ బిగిసింది. సూచిన్ వేళ్లు తియ్యకుండానే కళ్లు తెరిచి అత్తగారి వైపు చూసింది.

"కషాయం రాస్తాను. రోజూ మీరే కాచాలి, సన్నసెగ మీద, గంటసేపు. కాగుతున్నంతసేపూ మీరు నోరు విప్పారో, మందు పనిచెయ్యదు."

"ఒక్క మాటైనా?"

"ఒక్కటైనా."

అత్తగారు ఇంకేదో అనబోయి, కుండ అప్పుడే పొయ్యెక్కినట్టు పెదాలు బిగించింది. సూచిన్ వేళ్ల కింద తీగ మెల్లగా వదులైంది.