నాకు ఇటాలియన్ వచ్చు

గోదావరి మీద రైలు వంతెనంత బరువు ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. అబద్ధం, అంత ఉండదు. దేన్నయినా నాలుగింతలు చేసి చెప్పే మనిషిని నేను. దీన్ని మాత్రం తగ్గించి తగ్గించి, అసలు లేదనే దాకా తెచ్చాను. మీరొక్కరు వినండి.

నా భార్య ఇటలీలో ఒక ముసలావిడను చూసుకునే పనికి వెళ్ళింది. నేను మొగల్తూరులో ఉండిపోయాను. తను తిరిగి రాగానే ఆ భాషలో పలకరించి బిత్తరపోయేలా చేద్దామని, తనకు తెలియకుండా, ఫోన్లో ఒక పాట పట్టుకుని నేర్చుకున్నాను. ప్రియురాలు వదిలేసిపోతూ కాఫీ గిన్నెనీ, కుక్కనీ, ఆఖరికి స్నానాలగదిలో బల్బునీ పట్టుకుపోయిందని ఒకడు ఏడ్చే తమాషా పాట. కింద ఇంగ్లీషులో అర్థం వచ్చేది. నేను పాడిన పాడుడికి నరసాపురం దాకా కొబ్బరిచెట్లన్నిటికీ ఇటాలియన్ వచ్చేసి ఉంటుంది. వెళ్ళకు, ఉండు, ఇంటికి రా, నువ్వు లేక నిద్ర లేదు. విడిపోయినవాళ్ళ పాటలో ఇంకేం మాటలుంటాయి?

ఒక సాయంత్రం మేం వీడియో కాల్లో ఉండగా ముసలావిడ వచ్చి, ఇంకో రెండేళ్ళు ఉండమని తనని అడిగింది. నాకు రాదన్న ధైర్యంతో నా భార్య ఆ భాషలోనే చెప్పింది. ఉండలేను, ఇంటికి వెళ్ళాలి, ఆయన లేక నిద్ర రావడం లేదు అని. ఆ మాట నాతో తెలుగులో ఎన్నడూ అనలేదు.

తర్వాత నా వైపు తిరిగింది.

"ఏవండీ, ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారండి ఈవిడ. ఏం చెప్పమంటారు?"

"నువ్వేమన్నావు?"

"ఏమంటానండి. మిమ్మల్ని అడిగి చెప్తానన్నాను."

అప్పటికి తను పంపే డబ్బుతో మా పై అంతస్తుకి స్తంభాలు లేచాయి. అక్కడ నిలబడితే సముద్రంలో ఓడలు కనిపిస్తాయని ఊరంతా చెప్పుకున్నాను. అందుకేనా? లేక, నన్ను అంతగా తలుచుకునే మనిషి ఉందని తెలిశాక, ఇంకొన్నాళ్ళు తలుచుకోనిద్దామన్న పొగరా? ఎంత తవ్వుకున్నా చివరికి ఆ అంతస్తే తగులుతుంది.

"అక్కడ నీకు బాగానే ఉందిగా. ఉండు" అన్నాను.

"సరేనండి" అని, ముసలావిడ వైపు తిరిగి, నవ్వుతూ, ఉంటానని చెప్పింది. అదీ అర్థమైంది నాకు.

తను వచ్చేసి చాలా కాలమైంది. పై నుంచి ఓడలు కనిపించవు, పక్కింటి నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. తను ఆ భాష ఒక్క ముక్క మాట్లాడదు. ఆ రోజటి గొంతు ఇంకొక్కసారి వినాలని, తను పక్కనే కూర్చుని ఉన్నప్పుడు కూడా, ప్రాణం లాగుతుంది. ఎలా అడగను? అడిగితే, అప్పుడు విన్నానని తెలిసిపోతుంది.

ఇదిగో, అనేస్తున్నాను. విన్నాను. ప్రతి మాటా అర్థమైంది. అర్థమయ్యే ఉండమన్నాను.