మామ బెత్తెడు

మా మామకు చూపు పోయిందని ఊరంతటిలో నా ఒక్కదానికే తెలుసు. ఒకరోజు ముద్ద కంచంలో కాక కింద నేల మీద కలిపాడు. నేను చూశానని ఎలా గ్రహించాడో, "బిడ్డా, గిది మనిద్దరి నడుమనే ఉండాలె" అన్నాడు. ఉంచాను. కడుపులో మాట దాచుకోవడం నాకు చేతకాదని మా అమ్మ అనేది, పాపం.

వనపర్తి దగ్గర ఒక చెరువు కింద ఊరు మా అత్తవారిది. మామ ఊరికి నీరటి. తూము తెరిచి పొలాలకు నీళ్ళు పంచే పని తాతలనాటి నుంచీ వాళ్ళదే. మా ఆయన ఏడాదిలో సగం అమ్రాబాద్ అడవిలో కలప పనికి పోయేవాడు. మామకు కనపడదని తెలిస్తే తూము పాలివాళ్ళకు పోతుంది. అది పోతే ఆ మనిషి పొద్దున్నే లేవడానికి ఇంకేం మిగులుతుంది?

పాత తూముతో ఆయనకు కళ్ళ అవసరమే రాలేదు. రాతి కన్నంలో కొయ్య బిరడా, దానికో పొడుగాటి కర్ర. కర్ర రాతికి పైన ఎంత లేచిందో నాలుగు వేళ్ళు ఆనించి కొలిచేవాడు. అదే బెత్తెడు. నాట్లప్పుడు రెండు బెత్తెలు, పొట్టకొచ్చాక ఒకటి. కానీ బిరడా కుళ్ళి నీళ్ళు ఊరికే కారిపోయేవి. మురుగు కాలువ తుంగ పట్టి పూడిపోయింది. కింది మడుల్లో నీళ్ళు నిలిచి, తెల్లగా చౌడు పేరింది.

ఆ ఎండాకాలం సర్కారు నుంచి ఓవర్సీరు సాబ్ వచ్చాడు. ఉర్దూ కలిసిన తెలుగు, మెత్తటి మనిషి. కూలీలతో మురుగు కాలువ తవ్వించాడు. కింది మడుల్లో నీరు కదిలిన రోజు ఊరంతా చూడ్డానికి పోయింది. తర్వాత తూముకు ఇనుప తలుపు పెట్టించాడు. చక్రం తిప్పితే కడ్డీ పైకి లేస్తుంది. దాని మీద తెల్లరంగు గీతలు. ఇకనుంచి చేతి కొలత చెల్లదట, గీత చూసే తిప్పాలట.

మూడు గీతల మేర నీళ్ళు వదిలి చూసే రోజు వచ్చింది. ముందునాడే మామా నేనూ ఒక ఉపాయం పన్నాం. సద్ది గంపతో నేను కట్ట మీద నిలబడాలి, మూడో గీత రాగానే దగ్గాలి. నా దగ్గు ఆయనకు కొండగుర్తు.

మామ చక్రం తిప్పాడు. మొదటి గీత పైకి వచ్చిందో లేదో, నా వెనక నిలబడ్డ ఊరిపెద్ద చుట్ట పొగ పీల్చి ఖళ్ళున దగ్గాడు. చక్రం కిర్రుచప్పుడులో ఎవరి దగ్గో తేలక మామ ఠక్కున ఆగాడు. ఆ పెద్దమనిషిని చెరువులోకి తోసేయాలనిపించింది. ఇంకా తిప్పమని చెప్పే దారి లేక గాభరాగా నేనూ దగ్గాను. ఎక్కువైందేమో అనుకుని మామ వెనక్కి తిప్పాడు. జనం నవ్వారు.

"ఏందయ్యా నీరటీ, మూడు గీతలు కనవడ్తలేవా?" అన్నాడు ఆ పెద్దే.

మామ చెయ్యి చక్రం వదిలి కడ్డీని తడిమింది. నాకు ఏడుపొచ్చింది. సాబ్ ఆయన ముఖంలోకి చూశాడు, తర్వాత నా ముఖంలోకి చూశాడు. మెల్లగా మామ పక్కకు వెళ్ళాడు.

"పెద్దాయనా, ఇన్నేండ్లు నీళ్ళెట్ల కొలిచినవ్?"

"బెత్తెతోటి, సాబ్."

"ఎవరి బెత్తె?"

"నాదే."

సాబ్ జనం వైపు తిరిగాడు. "గల్తీ నాది. గీ రంగు రెండు వానలకు పోతది. ఇనుముకు గాట్లు వెట్టాలె. కమ్మరిని పిలువుండ్రి."

మామ చెయ్యి తీసుకుని తనే కడ్డీకి ఆనించాడు. వేళ్ళకు పైన, వేళ్ళకు కింద కమ్మరి ఉలితో గాట్లు కొట్టాడు, ఇంకో బెత్తెకూ అలాగే. మామ వాటిని తడుముతూ, నిక్కచ్చిగా రెండు బెత్తెలు లేపాడు. కాలువలో నీళ్ళు పడ్డాయి. పోతూ పోతూ సాబ్ నా దగ్గర ఆగి, "బేటీ, ఇగ దగ్గే పని లేదు" అన్నాడు. ఆ మనిషి కాళ్ళు మొక్కాలనిపించింది, సిగ్గుపడి మొక్కలేదు.

మామ పోయేదాకా తూము ఆయన చేతిలోనే ఉంది. పెద్దకర్మ అయిన మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళి ఆ గాట్ల మధ్య నా నాలుగు వేళ్ళు పెట్టి చూసుకున్నాను. ఇంకో వేలు పట్టే చోటు మిగిలింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

అప్పటికే కొత్త నీరటి వచ్చాడు. అతను చక్రం దగ్గరికి వస్తే, ఎంత లేపుతున్నావని అడిగాను.

"రెండు బెత్తెలు, అక్కా."

ఎవరి బెత్తెలో అతనికి తెలియదు. కూర్చోబెట్టి చెప్పాను.