అసలును మింగిన బోర్లు

ధర్మవరంలో, చెవులు వినపడని పిల్లలకు మాటలు నేర్పే చిన్న బడి ఒకటుంది. ముప్పై ఏళ్లుగా దాన్ని నేనే నడుపుతున్నానని పెళ్లిళ్లలో చెబుతుంటాను. నడిపేది టీచరమ్మ. నేను కార్యదర్శిని, సంతకాలు పెడతాను. ముప్పై ఏళ్లు కూడా కాదు, పద్దెనిమిది.

బడిని పెట్టించిన పట్టుచీరల వ్యాపారి పోయేముందు కొంత సొమ్ము బ్యాంకులో డిపాజిట్ చేసి, కమిటీకి ఒకే మాట చెప్పాడు: అసలు ముట్టుకోవద్దు, వడ్డీతో టీచరుకు జీతం ఇవ్వండి. అప్పట్లో అది పిసినారితనం అనుకున్నాను. కానీ వానలు పడని ఏళ్లలోనూ, మగ్గాలు ఆగిన నెలల్లోనూ, ఎవరి గడపా తొక్కకుండానే ఒకటో తారీఖున టీచరమ్మ చేతికి జీతం అందేది. అదెంత పెద్ద సంగతో, అందుతున్నన్నాళ్లు మాకు తెలియలేదు.

తరువాత బడి బోరు ఎండిపోయింది. ట్యాంకర్లు కొన్నాం. అసలులోంచి కొంచెం తీసి కొత్త బోరు వేయిస్తే పీడ వదులుతుందని కమిటీలో ఎవరో అన్నారు. ఎవరో ఏమిటి, నేనే. నల్లమాడ నుంచి టెంకాయతో నీళ్లు చూసేవాణ్ణి పిలిపించింది కూడా నేనే. అతను అరచేతిలో టెంకాయ పెట్టుకొని బడి ఆవరణంతా తిరిగాడు. గోడ వారగా ఒకచోట టెంకాయ నిటారుగా లేచి నిలబడింది.

"ఈడ ఏనుగు తొండమంత ధార ఉండాది సామీ," అన్నాడు.

వెయ్యి అడుగులు వేశామని అందరికీ చెప్పాను. వేసింది ఆరువందల యాభై. నీళ్లు పడలేదు, తెల్లటి దుమ్ము లేచి పిల్లల జుట్టు నెరిసినట్టయింది. అక్కడే ఆగాల్సింది. ఒక బోరు పోతే ఆగిన రైతును ఈ సీమలో నేను చూడలేదు. పోయిన దాన్ని తరువాతి బోరులో రాబట్టుకోవాలనే చూస్తాం. బడికీ అదే చేశాను. రెండోది, మూడోది. మూడో దాంట్లో కాస్త చెమ్మ తగిలింది. ఆ ఆశతో నాలుగోది, అదీ దుమ్మే. డిపాజిట్ అంతటితో సరి.

ఇప్పుడు జీతం కోసం నెలనెలా అంగళ్ల వెంట తిరుగుతున్నాను. మొన్న ఒక చీరల అంగడాయన కాఫీ తెప్పించాడు.

"ఫ్యాను ఇస్తానన్నా. రెక్కల మీద మా నాయన పేరు రాయించండి."

"ఎనిమిది ఫ్యాన్లు ఉండాయప్పా. గదులు రెండే. బ్యాంకులో వేసేకి ఏమన్నా ఇయ్యి. అసలు ముట్టం. వడ్డీ జీతానికి పోతాది."

"బ్యాంకులో వేసిన దుడ్ల మీద పేరు యాడ రాస్తారన్నా?"

"పాసుబుక్కు మీద నేనే రాస్తా."

"ముట్టమని అప్పుడూ చెప్పింటిరి కదన్నా," అన్నాడు నవ్వుతూనే.

కాఫీ తాగి, ఫ్యాను పట్టుకొని వచ్చాను.

టీచరమ్మ ఆ ఫ్యానును మూలనున్న మిగతావాటి పక్కన పెట్టింది. రెండు నెలలుగా ఆమెకు జీతం లేదు. ఆమె సంపాదన మీదే ఇల్లు నడవాలి. హిందూపురం దగ్గర బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని దొరికిందట.

"ఒకటో తారీఖు నుంచి ఆడికి పోతాండా సార్."

"నెలాఖరుకు దుడ్లు వస్తాయమ్మా. మాట్లాడినా."

"యాడ్నుంచి సార్?"

"యాడ్నుంచీ లేదు," అని ఒప్పుకున్నాను.

ఆమె తల ఊపి, ఒక మగ్గం నేసే ఇంటి ఆరేళ్ల పాప ఎదురుగా కూర్చుంది. ఆ పాపకు మూడు నెలలుగా 'ప' నేర్పుతోంది. పెదాల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకొని అక్షరం పలికితే, నోటి గాలికి కాగితం కదలాలి. అది చూసి పాప పలుకుతుంది. ఈ మధ్యే పదిసార్లలో మూడుసార్లు కదిలిస్తోంది.

"మీరు నేర్చుకోండి సార్. చూపించేవాళ్లు లేకపోతే ఈ పిల్ల మళ్లా మొదటికొస్తాది."

కాగితం అందుకున్నాను. నావి కట్టుడు పళ్లు. ఊడిపోతాయేమోనని మెల్లగా 'ప' అన్నాను. కాగితం కదల్లేదు. గట్టిగా అన్నాను. పళ్లు కదిలాయి, కాగితం కదల్లేదు. పాప కాసేపు నా నోటివైపు చూసి, టీచరమ్మ మొహం వైపు తిరిగింది.