అక్క కొంగున కట్టుకున్న తాళంచెవి

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే చాలు, మా పిల్లలు రాజుల కాలం నాటి కథేదో వస్తుందని నవ్వుతారు. అంత పాతదేమీ కాదు. తెలంగాణ ఇంకా రాలేదు. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్లం, నేను ఐదో తరగతి చదివేదాన్ని. మా తాతయ్య అప్పటికే రిటైరయ్యాడు. బతుకంతా బొగ్గు బాయిలో, అంటే గనిలో, కరెంటు పని చేసిన మనిషి. డ్యూటీ అయిపోయింది గానీ డ్యూటీ పద్ధతులన్నీ ఇంటికి మోసుకొచ్చాడు.

వాటిలో ఒకటి తాళం. బాయిలో కరెంటు పని చేసేవాడు ముందు స్విచ్చి బందు చేసి, దానికి తన సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటాడట. పని మధ్యలో ఎవరైనా తెలియక స్విచ్చి వేస్తే ప్రాణం పోతుంది కదా. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చి అడిగినా ఇవ్వడట. ఇంట్లో ట్యూబులైటు మార్చినా తాతయ్యది ఇదే తంతు. మండుటెండల్లో ఫ్యాను ఆగిపోయి మా నానమ్మ చెమటతో తడిసిపోతుంటే, ఆయన మీటరు పెట్టెకు తాళం వేసి నింపాదిగా స్టూలు ఎక్కేవాడు. "నీ తాళం గోదాట్లె కలువ" అని నానమ్మ తిట్టని రోజు లేదు.

మా వాడకు చేపలు తెచ్చే అక్క ఒకామె ఉండేది. గోదావరి ఒడ్డునే ఇల్లు. ఆమె, ఆమె భర్త ఒకే పడవలో వలకు పోయేవారు. ఆయన్ని మేము బావ అనేవాళ్లం. చిన్న పడవ, దానికొక ఇంజను, పాత జీపు బ్యాటరీ, ముందొక లైటు, లోపల చేరిన నీళ్లు తోడిపోసే చిన్న మోటారు. ఆ వైర్లు ఏ కాలంలో వేసినవో దేవుడికే తెలియాలి. తెగిన చోటల్లా బావ టేపు చుట్టి నెట్టుకొచ్చాడు. ఒక రోజు పొద్దున నది నడుమ ఆ వైరు భగ్గున అంటుకుంది. పక్కనే పెట్రోలు డబ్బా! అక్క తడి వల ఎత్తి మంట మీద పడేసింది కాబట్టి ఇద్దరూ బతికి బయటపడ్డారు.

ఆ తర్వాత అక్క పడవ ఎక్కలేదు, బావనూ ఎక్కనివ్వలేదు. వలలు గుడిసె ముందు ఎండిపోతున్నాయి, పొయ్యి ఒక్క పూటే వెలుగుతోంది. నీళ్ల మీద బతికే ఇంట్లో పుట్టి నీళ్లకు భయపడుతుందని ఆమెను అందరూ దెప్పేవారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆమె భయం నీళ్లకు కాదని ఒక్కరికైనా తోచలేదు చూడండి.

బావ వచ్చి తాతయ్యను బతిమాలాడు. "వైర్లన్ని కొత్తయి ఎయ్యి తాతా. ఏసినంక దానికి జర గట్టిగ చెప్పు. నీ మాటైతె ఇంటది."

వైర్లు వేస్తానన్నాడు తాతయ్య. చెప్పే సంగతికి మాత్రం ఊ అనలేదు, ఆ అనలేదు. శనివారం బడి ఒంటిపూట కావడంతో నన్నూ సైకిలు మీద ఎక్కించుకుపోయాడు.

ఒడ్డుకు చేరగానే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. బ్యాటరీ విప్పి, వెంట తెచ్చిన చెక్కపెట్టెలో పెట్టి మూతకు తాళం వేశాడు. నాకు తెలిసిందే కదా అనుకుంటుండగా, తాళంచెవి తన జేబులో వేసుకోకుండా అక్క చేతిలో పెట్టాడు.

"ఈ పడవల కూసుండేది నువ్వు. గిది నీ దగ్గరుండాలె. నువ్వు తీస్తెనే తీసినట్టు" అన్నాడు. అక్క అర్థంకాక చూసి, దాన్ని కొంగున ముడేసుకుంది.

తర్వాత పాత వైరంతా పీకి ఇసుకలో పరిచి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పై తొడుగు ఊడి రాగి బయటపడిన చోటల్లా వేలు పెట్టి చూపించాడు. "నీ భయం ఉట్టిగ రాలే బిడ్డా. గిసొంటిదాంట్ల ఎక్కద్దన్నవు, మంచి పని చేసినవు." ఆ మాటకు అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

సాయంత్రం దాకా పని సాగింది. కొత్త వైరును ప్లాస్టిక్ పైపులోంచి లాగి, పడవ అంచు వెంబడి పైకి బిగించాడు. మధ్యలో ఒక్క అతుకు లేదు. ఏదైనా తేడా వస్తే ముందే తెగిపోయేలా ఫ్యూజు పెట్టాడు. పెట్రోలు డబ్బాను రెండో కొసకు మార్చాడు. ఇక పెట్టె తెరిచి వైరు కొసలు బ్యాటరీకి తగిలించడమే మిగిలింది. అప్పటికే పక్క పడవలు వలకు బయలుదేరుతున్నాయి. బావ కాళ్లు నేల మీద నిలవడం లేదు.

"తాతా, తాళం తియ్యి, జల్ది పోత."

"నా దగ్గర యాడున్నది? నీ పెండ్లాం కొంగుకున్నది."

"ఏందే, ఇయ్యి!" అని బావ చెయ్యి చాచాడు. అక్క ముడి మీద పిడికిలి బిగించింది. బావ గొంతు పెరిగింది, కొడతాడేమోనని నేను తాతయ్య వెనక్కి జరిగాను. "నువ్వన్న చెప్పు తాతా!" అన్నాడు చివరికి.

"బాయిల తాళంచెవి ఉన్నోన్ని ఎవ్వలు తొందరపెట్టరు కొడుకా. నువ్వు సుత కూసో" అని తాతయ్య ఇసుకలో చతికిలబడ్డాడు. చేసేదిలేక, నన్ను ఆడిపిస్తున్నరని గొణుగుతూ బావ కూడా కూర్చున్నాడు. పక్క పడవలన్నీ ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి.

ఆఖరికి అక్కే నోరు తెరిచింది. "నీళ్లు పడితె తాతా?" పోసి చూడమన్నాడు. బకెట్టెడు నీళ్లు తెచ్చి పైపు మీద కుమ్మరించింది. వల తగులుకుంటేనో అంది. గుంజి చూడమన్నాడు. పైపును పట్టుకుని రెండు చేతులా గుంజింది, కదల్లేదు. అప్పుడు అసలు మాట అడిగింది.

"మళ్ల ఎన్నడు అంటుకోదని నాకు మాటిస్తవా?"

ఇస్తాడనే అనుకున్నాను. ఇచ్చేస్తే పోయేది కదా! తాతయ్య తల అడ్డంగా ఊపాడు. "గట్ల మాటియ్యలేను బిడ్డా. ఏడాదికోపారి ఇప్పి సూసుకోవాలె. ఇయ్యాల్టికైతె నేను ఎక్కుత. నాకు ఈత రాదు."

అక్క నోరు వెళ్లబెట్టింది. "ఈత రాకుంటె ఎట్లెక్కుతవ్ తాతా?"

"నీకొస్తది గద."

అక్కకు నవ్వొచ్చింది. మంట అంటుకున్నాక ఆమె నవ్వడం అదే మొదటిసారని బావ తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. కొంగు ముడి విప్పి, తానే పడవలోకి దిగి, తాళం తీసింది. తాతయ్య కొసలు బిగించాడు, అక్క స్విచ్చి వేసింది, ముందు లైటు వెలిగింది. ముగ్గురూ నీళ్ల మీద ఒక చుట్టు తిరిగి వచ్చారు. ఇంజను పట్టింది అక్కే. తాతయ్య రెండు చేతులతో అంచు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, పెదాలు కదుపుతూ కూర్చున్నాడు. ఆయన ఎంత భయపడ్డాడో ఒడ్డు మీదున్న నాకు తెలుస్తూనే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు సైకిలు వెనక కూర్చుని అడిగాను, అక్క అసలు తియ్యకపోతే ఏం చేసేవాడివని.

"తియ్యకపోతె తియ్యకపాయె. ఆమె పానం గద" అన్నాడు. నా పదేళ్ల బుర్రకు అది ఎక్కలేదు. ఇంత పనీ వృథా అయ్యేది కదా అని ఇల్లు చేరేదాకా వాదించాను.

తాతయ్య పోయిన చాలా ఏళ్లకు మా అమ్మకు గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. అమ్మ ససేమిరా అంది. మా తమ్ముళ్లు దవాఖాన వరండాలోనే గొంతులు పెంచారు, ఏం కాదమ్మా అని ఒకడు, మా మాట వినవా అని ఇంకొకడు. నేను ఇద్దర్నీ బయటికి పంపించి, డాక్టరుగారిని అమ్మ మంచం పక్కన కూర్చోమని వేడుకున్నాను. అమ్మ అడిగింది, ఆయన చెప్పాడు. మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాడు. ఏమీ కాదని మాటిస్తారా అంది. ఇవ్వలేనన్నాడు ఆ మహానుభావుడు. అమ్మ చాలాసేపు కిటికీ వైపు చూసింది. నాకు నోటిదాకా వచ్చింది, ఒప్పుకో అమ్మా అని. పళ్లు బిగబట్టి ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో, ఆ రోజు ఇసుకలో తాతయ్య ఎంత కష్టపడి కూర్చున్నాడో అప్పుడు తెలిసింది నాకు. కాసేపటికి అమ్మ నా వైపు తిరిగి, "కాయితం తే బిడ్డా, సంతకం పెడత" అంది.