ఘనం చెయ్యి

మా రీసెర్చ్ గైడ్ మేడం పోయారన్న ఫోను వచ్చేసరికి నేను రాయచూరు కాలేజీలో, ఆవిడ ల్యాబ్‌లోనే ఉన్నాను. ఆవిడ చివరగా కట్టిన హైడ్రోజన్ సెల్లు ఎదురుగా నడుస్తోంది. దాని కరెంటుతోనే తిరిగే బుల్లి ఫ్యాను గాలి నా ముఖానికి కొడుతోంది. మనిషి లేదు, గాలి వస్తోంది. నిజం చెబుతున్నాను, భయమేసింది.

మేడంది పాత బజారులో బియ్యం దుకాణం ఇల్లు. ఎంత చదివినా మాట మాత్రం దుకాణందే. హైడ్రోజన్ నుంచి కరెంటు పుట్టించే ప్లాటినం రేణువులను మామూలుగా కార్బన్ పొడి మీద నిలబెడతారు. సెల్లును ఆపి మళ్లీ నడిపే కొద్దీ ఆ కార్బన్ అరిగిపోతుంది, ప్లాటినం ఊడి ముద్దకడుతుంది. "సంచి చినిగినంక సోనామసూరి అయితే ఏంది, నేలపాలే గద" అనేవారు. అందుకే కార్బన్ బదులు టైటానియం ఆక్సైడ్ పట్టుకున్నారు. కరెంటు తక్కువొస్తోందని చూడవచ్చినవాళ్లు పెదవి విరిచేవారు. "తక్కువనే ఇస్తది సార్, గని చెయ్యి ఇడువది" అంటూ చాయ్ పోయించేవారు.

ఆ ల్యాబ్‌లో 'ఆపు' అనే మాట పనికిరాదు. ఇంట్లో దీపాన్ని ఆర్పమనరు, ఘనం చెయ్యమంటారు. మేడంకు సెల్లు కూడా దీపమే. సింధనూరు కాలువ కింది కోస్తావాళ్ల క్యాంపు నుంచి కొత్తగా చేరిన అమ్మాయికి ఈ సంగతి తెలియదు. ఒక సాయంత్రం మేడం, పోల్చి చూడటానికి పక్కపక్కనే నడుపుతున్న కార్బన్, ఆక్సైడ్ సెల్లులను చూపించి "రెండు సెల్లులూ ఘనం చెయ్యమ్మా" అని వెళ్తే, ఈ పిల్ల వోల్టేజి పెంచేసి ఇంటికి పోయింది. తెల్లారి చూస్తే కార్బన్ సెల్లు చతికిలబడింది. ఆక్సైడ్ సెల్లు నిన్న ఎట్లుందో అట్లే ఉంది.

"పెంచమన్నారనుకున్నానండీ!" అని పిల్ల ఒకటే ఏడుపు.

మేడం పగలబడి నవ్వారు. "ఏడుస్తవేందే పిచ్చిదానా, నేను ఎన్నొద్దులకో చూసేది తెల్లారేసరికి చూపిస్తివి!"

ఆసుపత్రిలో చివరిసారి అడిగింది కూడా సెల్లు గురించే.

"నడుస్తుందా?"

"నడుస్తోంది మేడం."

"దాన్ని ఎవ్వరు ముట్టకుండ్రి. నేనొచ్చి ఘనం చేస్త."

ఆవిడ రాలేదు. నిన్న కాలేజీవాళ్లు ల్యాబ్ ఖాళీ చెయ్యమన్నారు. నాకు చెయ్యి ఆడలేదు. మాట తప్పుతున్నది మేడమా, నేనా అర్థం కాలేదు. చివరికి ఆ అమ్మాయే కళ్లు తుడుచుకుని, సిలిండర్ వాల్వు మెల్లగా తిప్పి మూసింది.

ఫ్యాను ఆగలేదు.

గొట్టాల్లో కాస్త హైడ్రోజన్ మిగిలి ఉంటుందని ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరం తలుపు వైపే చూశాం.