మూయని పెళ్లికార్డులు

ఇవాళ పొద్దున మా కోడలి కంప్యూటర్ నెమ్మదించిందని ఫోన్ చేస్తే, రిపేరు చేసేవాడు దాన్ని కళ్లతో చూడకుండానే మెమొరీ వేయించాలన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కోడలు బిత్తరపోయింది గానీ, నా కోపం అతని మీద కాదు, ఒకప్పుడు ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుట డీటీపీ సెంటర్ నడిపిన మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఆయన మీద.

అక్కడ పెళ్లికార్డులు కంపోజ్ చేయడం నా పని. మా ఇంట్లో ఆడపిల్లను గడప దాటనిచ్చిన ఉద్యోగం అదొక్కటే, సొంతవాళ్ల దుకాణం కదా అని. ఇవాళ మేనమామ వచ్చి తన పేరు పైకి జరపమంటే, రేపు బాబాయి వచ్చి అలిగేవాడు, అందుకని కార్డు తెర మీద తెరిచే ఉంచేవాళ్లం. అంతవరకు న్యాయమే. పెద్దబాపు మాత్రం దానికొక ఆచారం తగిలించాడు: అచ్చయిన మొదటి కార్డుకు పసుపు పెట్టాక, పెళ్లయ్యేదాకా ఆ ఫైలు మూయకూడదట, దుకాణం కట్టేసినా కంప్యూటర్ ఆపకూడదట.

ముహూర్తాల రోజుల్లో దేవుడి బొమ్మలతో సహా అన్ని కార్డులూ తెరిచి ఉండి, ఒక అక్షరం కొడితే అది కనబడేలోగా చాయ్ తాగి రావచ్చు. పెద్దబాపు నన్నే తప్పుపట్టి, నా చేతులే స్లో అనీ, రావిర్యాల నుంచి తన బామ్మర్ది బిడ్డను తెచ్చి కూర్చోబెడతాననీ అందరి ముందూ అనేవాడు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అదే కంప్యూటర్ చకచకా నడిచేది, కార్డులన్నీ మళ్లీ తెరిపించగానే మొరాయించేది. పెద్దబాపు కొత్త మెమొరీ వేయిస్తానన్న రోజు చూస్తే, మెమొరీ ఎంత నిండిందో తెర మీదే కనబడుతోంది, పెళ్లయిపోయిన కార్డులు ఒక్కోటి మూస్తుంటే అది ఖాళీ అవుతోంది.

“సేవ్ చేసి మూస్తే సాలు పెద్దబాపూ, కొత్త మెమొరీ ఎందుకు? జర ఇటొచ్చి చూడు” అన్నాను.

“లగ్గం గాకముందే కార్డు మూస్తవా? ఆ ఇంటికి ఏమన్నయితే నువ్వు జవాబు చెప్తవా, బిడ్డా?” అన్నాడు, కూర్చున్న చోటు నుంచి కదలకుండా.

మెమొరీ వేయించాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది, తన తెలివి గురించి బజారంతా చెప్పుకున్నాడు. ఆ ధీమాతో ఇంకా ఎక్కువ కార్డులు ఒప్పుకున్నాడు, ఒక్కటీ మూయనివ్వలేదు, కంప్యూటర్ మళ్లీ మొదటికొచ్చింది. ఒకరోజు వెళ్లేసరికి నా కుర్చీలో రావిర్యాల పిల్ల కూర్చుని ఉంది. పెద్దబాపు నాతో ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదు.

ఇప్పుడు పెళ్లికార్డులు ఫోన్‌లోనే వస్తున్నాయి, పేర్ల కోసం అలిగి దుకాణం దాకా వచ్చేవాళ్లు లేరు, ఆ సందడి తలచుకుంటే బెంగగానే ఉంటుంది. కోపం మాత్రం తగ్గలేదు. నేనడిగింది ఒక్కసారి వచ్చి తెర వైపు చూడమనే. పిల్లకు పని రాదని తన అన్నే అన్నాక, మా నాన్న నన్ను మళ్లీ ఏ పనికీ పంపలేదు.