పేలుడు గాలీ, రేపల్లె నల్లమట్టీ

తొంభైల మొదట్లో బాపట్లలో ఒక కాలేజీలో మట్టి పరీక్షల లాబ్ చూసుకునేదాన్ని. పెళ్లి చేసుకోలేదు. అద్దెగది, లాబ్, మళ్లీ అద్దెగది. పేలుడు గాలి విసురుకి కింద నేల ఏమవుతుందన్నది నా పరిశోధన. దాని గురించి ఎవరూ అడిగేవారు కాదు.

ఆ వేసవిలో రేపల్లె అవతల పొలాల్లో బాణసంచా షెడ్డు పేలి, పనిచేస్తున్న ఇద్దరు ఆడవాళ్లు పోయారు. పది రోజుల తర్వాత మట్టి తీసే ఇనుప గొట్టాలు సంచిలో వేసుకుని, తెనాలిలో రైలు మారి అక్కడికి వెళ్లాను. మందు బల్లల మీద ఉండగా పేలింది కాబట్టి గొయ్యి పడలేదు. దెబ్బంతా గాలిలోంచే నేలను తాకింది. గట్టు మీది పొడి ఇసుక బెత్తెడు లోతు అణిగిపోయింది. మురుగుకాలువ పక్క తడి నల్లమట్టి అణగలేదు గాని, నెర్రెలిచ్చి బురదనీళ్లు చిమ్మింది.

పొలం అవతలి పెంకుటింట్లో ఒక పెద్దావిడ ఒక్కతే ఉంది. పోయినవారిలో ఒకరు ఆమె చెల్లెలు. ఆ రోజు అరుగు మీద కూర్చున్న ఈమెకు చెవులు పోయాయి. చిన్నప్పుడు మిషన్ బడిలో చదువుకుందట, అందుకని నోట్‌బుక్‌లో రాసి మాట్లాడాను. ఎందుకొచ్చానని అడిగితే రాశాను: పొడి ఇసుకలో గింజల మధ్య ఖాళీ ఉంటుంది, అవి దగ్గరికి జరిగి దెబ్బను మింగేస్తాయి, నీళ్లు నిండిన మట్టికి అణిగే చోటుండదు, దెబ్బను లోపలికి పంపేస్తుంది.

ఆమె వేలు పెట్టి నెమ్మదిగా చదివింది.

"మనుషుల సంగతి రాయలేదేంటమ్మా?"

కలం మూసేశాను. ఆమె లేచి రెండు కంచాలు పెట్టింది.

"పది రోజుల్నించి ఒక్కదాన్నే తింటన్నా. కూర్చో."

ఆ ఏడాది మరో నాలుగుసార్లు వెళ్లాను. చివరి రెండుసార్లు మట్టి అవసరం లేదు. ఎవరికీ చెప్పుకోనివి రాసి చూపించేదాన్ని. ఆమె చదివి, తల ఊపి, పచ్చడి వడ్డించేది.

తర్వాత వెళ్లినప్పుడు తలుపుకి తాళం ఉంది. బంధువులెవరో అమృతలూరు తీసుకెళ్లారని పొలంలో ఉన్నతను చెప్పాడు. ఎవరింటికో అతనికీ తెలియదు.

ఒక ఆదివారం తెనాలి నుంచి బస్సెక్కి అమృతలూరు వెళ్లాను. ఆమె పేరు ఎప్పుడూ అడగలేదు, పెద్దమ్మా అనే రాసేదాన్ని. చెవులు వినపడని ముసలావిడంటే ఎవరూ పోల్చుకోలేకపోయారు. మూడు వీధులు తిరిగి, సాయంత్రం బస్సుకి వచ్చేశాను.